బరువు తగ్గించే ఆపరేషన్: ఇన్సూరెన్స్ ఫైలు నుంచి జీవితాంతం వేసుకోవాల్సిన మాత్రల దాకా

బేరియాట్రిక్ సర్జరీ జరిగేది ఒకటి రెండు గంటలు. దానికి ముందు కొన్ని నెలల కాగితాల పని ఉంటుంది. తర్వాత జీవితాంతం మాత్రలు, రక్త పరీక్షలు ఉంటాయి. చాలామంది మధ్యలోని ఆ రెండు గంటల గురించే భయపడతారు, దాని గురించే వీడియోలు చూస్తారు. క్లెయిమ్ తిరస్కరించారన్నా, ఏడాది తిరిగేసరికి కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయన్నా కారణం మాత్రం ఎక్కువగా ఆ ముందూ వెనకల్లోనే దొరుకుతుంది. అందుకే ఇక్కడ ఆపరేషన్ గురించి కొంచెమే చెప్పి, మిగతా రెండింటి గురించి వివరంగా చెబుతాను.

ఇందులోని లెక్కలు పెద్దవాళ్లకు సాధారణంగా వర్తించేవి. మీ డాక్టరు మీకు వేరేగా చెబితే ఆ మాటే పాటించండి.

ముందుగా: మీకు ఇది వర్తిస్తుందా?

లెక్క బీఎంఐతో మొదలవుతుంది. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 1991లో ఒక గీత గీసింది. బీఎంఐ 40 దాటితే ఆపరేషన్ ఆలోచించవచ్చు, 35 దాటి ఊబకాయంతో ముడిపడిన తీవ్రమైన జబ్బు ఉన్నా ఆలోచించవచ్చు అని. 2022లో ఈ రంగంలోని రెండు పెద్ద సర్జన్ల సంఘాలు, అమెరికాకు చెందినదీ అంతర్జాతీయ సమాఖ్యా కలిసి, ఆ గీతను కిందికి దించాయి. వాళ్ల లెక్కన 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ సూచించవచ్చు. 30 నుంచి 35 మధ్య ఉండి షుగర్ లాంటి మెటబాలిక్ జబ్బు ఉంటే పరిశీలించవచ్చు. ఆసియా మూలాలున్నవారికి తక్కువ బీఎంఐకే షుగర్, గుండెజబ్బు వస్తాయి కాబట్టి వాళ్లకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి.

చిక్కు ఇక్కడే ఉంది. డాక్టర్లు 2022 సూచనలు చూస్తారు. చాలా ఇన్సూరెన్స్ పాలసీలు ఇప్పటికీ 1991 గీత మీదే నడుస్తున్నాయి. మీకు ఆపరేషన్ అవసరమని డాక్టరు నిజాయితీగానే చెబుతారు, మీరు అర్హులు కాదని కంపెనీ కూడా తన పుస్తకం చూసే చెబుతుంది. ఈ తేడా ముందే తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఏం ఆశించాలో కూడా ముందే తెలుసుకోండి. ఒకటి రెండేళ్లలో మొత్తం శరీర బరువులో దాదాపు పావు వంతు నుంచి 30 శాతం దాకా తగ్గుతుంది. 120 కిలోల మనిషి సుమారుగా 84 నుంచి 90 కిలోల మధ్యకు వస్తారు తప్ప, 60 కిలోలకు రారు. టైప్ 2 షుగర్ మాత్రం బరువు పెద్దగా తగ్గకముందే అదుపులోకి రావడం మొదలవుతుంది. షుగర్ వచ్చి ఎంత తక్కువ కాలమైతే అంత బాగా తగ్గుతుంది. కాబట్టి ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు పూర్తిగా పోతుందన్న ఆశ పెట్టుకోకూడదు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కూడా డాక్టరును ఓసారి అడగండి. అవి ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది, అయినా కొందరికి అదే సరైన దారి.

సర్జన్‌ను కలవకముందే పాలసీ చదవండి

చాలామంది సర్జన్‌ను కలిసి, తేదీ ఖాయం చేసుకుని, అప్పుడు పాలసీ తీస్తారు. ఈ వరస తిరగేయండి. పాలసీ పూర్తి పత్రం తెప్పించుకోండి, రెండు పేజీల బ్రోషరు చాలదు. మొదట మినహాయింపుల పేజీకి వెళ్లండి. అందులో ఊబకాయం, బరువు నియంత్రణ, బేరియాట్రిక్, మెటబాలిక్ సర్జరీ అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకండి. కొన్ని పాలసీలు పూర్తిగా మినహాయిస్తాయి. కొన్ని షరతులతో ఇస్తాయి. కొన్నింటిలో ఉద్యోగి పనిచేసే సంస్థ అదనంగా కొంటేనే ఈ కవరేజీ వస్తుంది. అలాంటప్పుడు ఒకే కంపెనీ కార్డు ఉన్న ఇద్దరిలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు. కాబట్టి "మా స్నేహితుడికి వచ్చింది" అన్నది ఆధారం కాదు.

షరతులతో ఇచ్చే పాలసీ అయితే ఇవి చూడండి: ఎంత బీఎంఐ కావాలి, ఏ జబ్బులను లెక్కలోకి తీసుకుంటారు, ఎంతకాలం వెయిటింగ్ పీరియడ్, డాక్టరు పర్యవేక్షణలో ఎన్ని నెలలు డైట్ చేసి ఉండాలి, మానసిక నిపుణుల నివేదిక కావాలా, ఏ ఆసుపత్రుల్లో చేస్తే చెల్లిస్తారు, ఏ రకం ఆపరేషన్లకు చెల్లిస్తారు, గరిష్ఠ మొత్తం ఎంత. కడుపులో పెట్టే బెలూన్ లాంటి ఎండోస్కోపీ పద్ధతులకు చాలా చోట్ల కవరేజీ ఉండదు.

తర్వాత కంపెనీకి ఫోన్ చేయండి. మాట్లాడినవారి పేరు, తేదీ, రిఫరెన్స్ నంబరు రాసుకోండి. ఫోన్ పెట్టేశాక అదే ప్రశ్నను మెయిల్లో పంపి రాతపూర్వక జవాబు అడగండి. "కవర్ అవుతుందండీ" అని ఫోన్లో విన్న మాటకు క్లెయిమ్ రోజున విలువ ఉండదు.

కొత్తగా పాలసీ కొంటున్నవాళ్లకు ఒక హెచ్చరిక. బరువు, షుగర్, బీపీ, నిద్రలో శ్వాస ఆగే సమస్య (స్లీప్ ఆప్నియా) ఏదీ దాచకండి. ప్రీమియం కొంచెం పెరుగుతుందని దాచినవాళ్లకు ఆ దాచిన విషయమే క్లెయిమ్ తోసిపుచ్చడానికి కారణమవుతుంది. పాత మందుల చీటీల్లో అంతా ఉంటుంది కదా.

ఫైలు తెరవండి, ఈరోజే

ఇన్సూరెన్స్ కంపెనీలో మీ కేసు చూసే డాక్టరు మిమ్మల్ని చూడరు. వారికి కనిపించేది మీ ఫైలే. అందులో లేనిది వారి దృష్టిలో జరగనట్టే.

ఎత్తు విషయంలో ఎంత జాగ్రత్త కావాలో చూడండి. 104 కిలోల బరువు, 160 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మనిషి బీఎంఐ 40.6. అదే మనిషిని నర్సు చెప్పులతో నిలబెట్టి 163 అని రాస్తే బీఎంఐ 39.1 అవుతుంది. పాలసీలో 40 అని ఉంటే, మూడు సెంటీమీటర్ల చెప్పుల వల్ల అర్హత పోయినట్టే. చెప్పులు విప్పించి కొలిపించండి. అన్ని చోట్లా ఒకే ఎత్తు నమోదయ్యేలా చూడండి. రెండు ఆసుపత్రుల కాగితాల్లో రెండు ఎత్తులుంటే కంపెనీ తనకు అనుకూలమైనదే పట్టుకుంటుంది.

గత కొన్నేళ్ల బరువు రికార్డులు పోగుచేయండి. పాత హెల్త్ చెకప్ రిపోర్టులు, ఇతర జబ్బులకు వెళ్లినప్పటి చీటీలు, కాన్పు సమయంలో రాసిన బరువులు, అన్నీ పనికొస్తాయి. తర్వాత, బరువు తగ్గడానికి చేసిన ప్రయత్నాల రుజువులు. సొంతంగా చేసిన డైటింగ్‌కు విలువ ఇవ్వరు. డాక్టరు లేదా డైటీషియన్ నెలనెలా చూసి, బరువు కొలిచి, సంతకం చేసిన నోట్లు కావాలి. పాలసీ ఆరు నెలలు వరసగా అంటే మధ్యలో ఒక నెల తప్పినా లెక్క మళ్లీ మొదటికి రావచ్చు. ఆ అపాయింట్‌మెంట్లను పెళ్లి ముహూర్తాల్లా చూసుకోండి.

డాక్టరు రాసే మాటలూ ముఖ్యమే. "పేషెంటు బరువు తగ్గాలనుకుంటున్నారు" అన్న నోట్ చదివినవారికి అది మీ కోరికలా కనిపిస్తుంది. "బీఎంఐ 41. ఎనిమిదేళ్లుగా టైప్ 2 షుగర్, మూడు మందులు వాడుతున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 9.2. నిద్ర పరీక్షలో తీవ్రమైన స్లీప్ ఆప్నియా. ఆరు నెలల వైద్య పర్యవేక్షణలో తగ్గిన బరువు నిలవలేదు" అంటే అది వైద్య అవసరం. డాక్టరును అబద్ధం రాయమని అడగకూడదు. కానీ ఉన్న నిజాన్ని అంకెలతో రాయమని అడగవచ్చు, అడగాలి కూడా.

ఇంకో సందేహం చాలామందిని పీడిస్తుంది. ఆ ఆరు నెలల డైట్‌లో నిజంగానే బరువు తగ్గి బీఎంఐ గీత కిందికి పోతే ఎలా? కొన్ని కంపెనీలు కార్యక్రమం మొదట్లో ఉన్న బరువును లెక్కిస్తాయి, కొన్ని దరఖాస్తు నాటి బరువును. మీ కంపెనీ ఏది చూస్తుందో రాతపూర్వకంగా కనుక్కోండి. తెలియక కావాలని బరువు పెంచుకునేవాళ్లు ఉన్నారు. ఆపరేషన్ ముందు అది ఒంటికి మంచిది కాదు.

ఏ ఆపరేషన్?

ఇప్పుడు ఎక్కువగా జరిగేది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. పొట్టలో 75 నుంచి 80 శాతం భాగాన్ని నిలువుగా కత్తిరించి తీసేస్తారు. మిగిలేది సన్నని గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం పోతుంది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. తీసేసిన పొట్ట తిరిగి రాదు. ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లకు ఇది వాటిని పెంచవచ్చు. ఆ సమస్య ఉంటే సర్జన్ అడగకపోయినా మీరే చెప్పండి.

రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పొట్ట పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి, దాన్ని చిన్నపేగుకు కలుపుతారు. ఛాతీమంట ఉన్నవాళ్లకూ, షుగర్ ఎక్కువ ఉన్నవాళ్లకూ సాధారణంగా ఇది మెరుగు. బదులుగా పోషకాల లోపం ఎక్కువ. పొగతాగినా, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఉంది. తీపి తింటే అది పేగులోకి గబగబా దిగిపోయి గుండెదడ, చెమటలు, విరేచనాలు రావచ్చు, దీన్నే డంపింగ్ అంటారు. మినీ బైపాస్‌లో రెండు అతుకులకు బదులు ఒకటే ఉంటుంది, పైత్యరసం పైకి ఎగదన్నే అవకాశం దాని లోపం. పొట్టను కత్తిరించడంతోపాటు చిన్నపేగులో చాలా భాగాన్ని దాటవేసే డుయోడినల్ స్విచ్ అన్నిటికన్నా ఎక్కువ బరువు తగ్గిస్తుంది, అన్నిటికన్నా ఎక్కువ లోపాలూ తెస్తుంది. పొట్ట పైభాగం చుట్టూ బ్యాండ్ వేయడం ఒకప్పుడు బాగా జరిగేది, ఇప్పుడు చాలా తగ్గిపోయింది.

నా అభిప్రాయం అడిగితే, "మా దగ్గర అందరికీ ఇదే చేస్తాం" అనే చోట ఆగి ఆలోచించండి. మీ ఛాతీమంట, మీ షుగర్, మీరు వాడే మందులు చూశాక ఏది ఎందుకో చెప్పగలిగినవారే మీ సర్జన్. ఏటా ఎన్ని చేస్తారు, ఎంతమందికి లీక్ (కోసి కుట్టిన చోటు నుంచి లోపలిది బయటికి కారడం) అయింది, రాత్రి రెండింటికి వాంతులైతే ఎవరికి ఫోన్ చేయాలి, డైటీషియన్ అక్కడే ఉన్నారా, ఐదేళ్ల తర్వాత కూడా చూస్తారా? ఇవి అడగడానికి మొహమాటపడకండి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబే చాలా విషయాలు చెబుతుంది. అనుభవమున్న చోట ఆపరేషన్ తర్వాత నెలలోపు మరణించే ప్రమాదం వెయ్యికి ఒకరి స్థాయిలో ఉంటుంది. పిత్తాశయం తీసే ఆపరేషన్‌తో పోల్చదగ్గ ప్రమాదమే. తక్కువే, కానీ సున్నా కాదు.

ముందు పరీక్షలు, ముందు మార్పులు

రక్త పరీక్షలు, గుండె పరీక్ష, కడుపు స్కానింగ్, అవసరమైతే ఎండోస్కోపీ, నిద్ర పరీక్ష చేస్తారు. విటమిన్ డి, బీ12, ఐరన్ ఇప్పుడే చూపించుకోండి. ఊబకాయం ఉన్నవారిలో ఈ లోపాలు ఆపరేషన్‌కు ముందే ఉండటం మామూలే. మానసిక నిపుణుల దగ్గరికి పంపితే, మీకు పిచ్చి ఉందేమోనని పంపారనుకోకండి. బాధ కలిగినప్పుడల్లా తినే అలవాటు, మద్యం, డిప్రెషన్ మందులు ఇవన్నీ తర్వాతి జీవితాన్ని మార్చేవే.

పొగ కనీసం ఆరు వారాల ముందే ఆపాలి, మళ్లీ మొదలుపెట్టకూడదు. ఆపరేషన్‌కు ముందు సుమారు రెండు వారాలు తక్కువ కేలరీల డైట్ ఇస్తారు. కాలేయంలోని కొవ్వు తగ్గి అది కుంచించుకుంటే, దాని కింద ఉన్న పొట్ట సర్జన్‌కు సులువుగా అందుతుంది. "రేపటి నుంచి తినలేను కదా" అని ఆ రెండు వారాలు విందులు చేసుకుంటే ఆపరేషన్ కష్టమవుతుంది.

వాడే మందులన్నీ చెప్పండి. షుగర్‌కు వాడే గ్లిఫ్లోజిన్ రకం మాత్రలను కొన్ని రోజుల ముందే ఆపాల్సి ఉంటుంది, లేకపోతే రక్తంలో కీటోన్లు ప్రమాదకరంగా పెరగవచ్చు. సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్ తీసుకుంటుంటే మత్తు డాక్టరుకు తెలియాలి, ఎందుకంటే అది కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతాయి. ఏదీ మీ అంతట మీరు ఆపకండి, అడిగి ఆపండి.

ముందస్తు అనుమతి, తిరస్కరణ, అప్పీలు

ఆసుపత్రి మీ ఫైలును ముందస్తు అనుమతికి పంపుతుంది. పంపే ముందు ఒక కాపీ మీరు అడిగి చదవండి. జబ్బు కోడ్, ఆపరేషన్ కోడ్ సరిగ్గా ఉన్నాయా, మీరిచ్చిన రిపోర్టులన్నీ జతచేశారా చూడండి. ఆసుపత్రి గుమస్తాకు మీది యాభై ఫైళ్లలో ఒకటి, మీకు ఉన్నది ఒక్కటే.

ఖర్చు అంచనా తీసుకునేటప్పుడు పొట్టను కోసి కుట్టే స్టేప్లర్, దాని కార్ట్రిడ్జ్‌లు అందులో ఉన్నాయా అని ప్రత్యేకంగా అడగండి. ఈ ఆపరేషన్ బిల్లులో అవి పెద్ద మొత్తం. గది తరగతికి పరిమితి ఉంటే, ఇంకా పెద్ద గది తీసుకున్నందుకు మిగతా బిల్లులోనూ కోత పెట్టే పాలసీలు ఉన్నాయి. అనుమతి వచ్చినంత మాత్రాన పూర్తి మొత్తం చెల్లిస్తారని కాదు. అనుమతికి గడువు తేదీ కూడా ఉంటుంది, ఆపరేషన్ వాయిదా పడితే మళ్లీ తీసుకోవాలి.

తిరస్కరణ వస్తే కుంగిపోకండి. మొదటిసారి కాదన్నవి అప్పీలులో ఒప్పుకోవడం అరుదేమీ కాదు. ముందు కారణం రాతపూర్వకంగా, పాలసీ నిబంధన సంఖ్యతో సహా అడగండి. కాగితం లేదన్నారా, అర్హత లేదన్నారా, కవరేజీయే లేదన్నారా? మూడింటికీ మూడు దారులు. కాగితం లేదంటే పంపితే సరి. అర్హత లేదంటే మీ సర్జన్ కంపెనీ డాక్టరుతో నేరుగా మాట్లాడే అవకాశం అడగండి. చాలా కేసులు ఆ సంభాషణలోనే తేలతాయి. పాలసీలోనే పూర్తి మినహాయింపు ఉంటే అప్పీలుకు బలం తక్కువ. అక్కడ శక్తి వృథా చేసుకునే బదులు సంస్థ ద్వారా కవరేజీ అడగడమో, మరో పాలసీ చూడటమో మేలు.

అప్పీలు ఉత్తరంలో కోపం వద్దు, కథ వద్దు. ఇలా ఉంటే చాలు:

"మీ తిరస్కరణ ఉత్తరంలో ఫలానా నిబంధన ప్రకారం ఆరు నెలల వైద్య పర్యవేక్షణ రుజువు లేదని రాశారు. ఆ ఆరు నెలలకు సంబంధించి డాక్టరు సంతకం చేసిన ఆరు నోట్లు, ప్రతి నెలా బరువు నమోదుతో జతచేశాను. నా బీఎంఐ 41. షుగర్, స్లీప్ ఆప్నియా రిపోర్టులు కూడా జతచేశాను. పాలసీలోని షరతులన్నీ నెరవేరినందున అనుమతిని పునఃపరిశీలించగలరు. మళ్లీ తిరస్కరిస్తే, ఏ షరతు నెరవేరలేదో స్పష్టంగా తెలపగలరు."

అప్పీలుకు గడువు ఉంటుంది, అది ఉత్తరంలోనే చూసుకోండి. కంపెనీ లోపలి అప్పీళ్లు అయిపోయాక ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ లేదా స్వతంత్ర సమీక్ష లాంటి బయటి మార్గం ఏముందో కనుక్కోండి. ఈ మధ్యలో ఉద్యోగం మారితే సంస్థ ఇచ్చిన పాలసీ మారుతుంది, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

సొంత డబ్బుతో చేయించుకునేవాళ్లు ఒక్క ప్రశ్న తప్పక అడగాలి: "కాంప్లికేషన్ వస్తే ఎవరు కడతారు?" కవరేజీ లేని ఆపరేషన్ వల్ల వచ్చిన సమస్యలకూ చెల్లించని పాలసీలు ఉన్నాయి. ప్యాకేజీలో రెండోసారి చేరడం, ఐసీయూ, లీక్‌కు మళ్లీ ఆపరేషన్ ఉన్నాయో లేదో కాగితం మీద చూడాలి. చవకని దూరదేశం వెళ్లేవాళ్లు, తిరిగొచ్చాక పదో రోజున జ్వరం వస్తే చూసే సర్జన్ ఎవరో ముందే కుదుర్చుకోవాలి.

ఆసుపత్రిలో

సాధారణంగా చిన్న రంధ్రాల ద్వారా లాప్రోస్కోపీలో చేస్తారు. ఆసుపత్రిలో ఉండేది ఒకటి నుంచి మూడు రోజులు. మెలకువ వచ్చిన కొన్ని గంటల్లోనే నడిపిస్తారు. అది కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా చేసే మందులాంటిది, కాబట్టి బతిమాలించుకోకుండా లేవండి. భుజం నొప్పి పెడితే కంగారుపడకండి. కడుపులోకి పంపిన గ్యాస్ వల్ల ఒకటి రెండు రోజులు అలా ఉంటుంది, నడిస్తే తగ్గుతుంది. డిశ్చార్జ్ రోజున బిల్లు వివరాలు, ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జ్ సమ్మరీ మూడూ తీసుకుని ఫైలులో పెట్టాకే బయటికి రండి.

ఇంటికొచ్చాక దేనికి పరుగెత్తాలి

గుండె వేగం విశ్రాంతిలో కూడా నిమిషానికి 120 దాటి ఉండటం, 38 డిగ్రీలు దాటిన జ్వరం, పెరుగుతూ పోయే కడుపునొప్పి, ఆయాసం లేదా ఛాతీనొప్పి, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, నల్లటి విరేచనం, నెత్తుటి వాంతి. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. లీక్ ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది. గుండెదడ ఒక్కటే దాని తొలి సంకేతం కావచ్చు, కడుపు మెత్తగానే ఉండవచ్చు. ఇంట్లో ఒక పల్స్ ఆక్సిమీటరు ఉంచుకుంటే మంచిది.

ఇంకొకటి, ఎక్కువమందికి తెలియనిది. రోజుల తరబడి వాంతులవుతుంటే "ఆపరేషన్ అన్నాక మామూలే" అని ఊరుకోకండి. శరీరంలో థయమిన్, అంటే విటమిన్ బీ1, నిల్వలు కొన్ని వారాల్లోనే అడుగంటుతాయి. చూపు రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మాట తికమకపడటం మొదలైతే అది మెదడుకు జరుగుతున్న హాని. వెంటనే థయమిన్ ఇంజెక్షన్ పడాలి, అదీ గ్లూకోజ్ ఎక్కించే ముందే. ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరుకు మీకు బేరియాట్రిక్ ఆపరేషన్ అయిందని, ఎన్ని రోజులుగా వాంతులో, మొదటి వాక్యంలోనే చెప్పండి.

తాగడం, తినడం

మొదటి వారాల్లో ఆసుపత్రికి తిరిగి వెళ్లేలా చేసే మామూలు కారణం నీళ్లు చాలకపోవడం. గటగటా తాగడం కుదరదు కాబట్టి లెక్కతో తాగాలి. 30 మిల్లీలీటర్ల చిన్న కప్పు పెట్టుకుని, 15 నిమిషాలకు ఒకటి చొప్పున గుక్కలుగా తాగితే గంటకు 120 అవుతుంది. మేలుకుని ఉండే 13 గంటల్లో లీటరున్నర దాటుతుంది. ఫోన్లో అలారం పెట్టుకోండి. మూత్రం ముదురు రంగులో ఉంటే చాలడం లేదని అర్థం.

ఆహారం మెట్లుమెట్లుగా మారుతుంది. ఒకటి రెండు రోజులు పలచని ద్రవాలు, రెండు వారాల దాకా పాలు, ప్రొటీన్ పానీయాలు, తర్వాత రెండు వారాలు మెత్తగా చేసినవి, ఆ తర్వాత మెత్తని ఘనాహారం, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు ఆహారం. మీ ఆసుపత్రి చార్టులో రోజులు కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు. మెట్టు దూకకండి, కుట్లు మానేది లోపల, మీకు కనిపించదు.

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. తినేటప్పుడు ముందు ప్రొటీన్, తర్వాత కూరగాయలు, చోటు మిగిలితే మిగతావి. బాగా నమలండి. భోజనంతోపాటు నీళ్లు తాగకండి, తర్వాత అరగంట ఆగండి. కడుపు నిండిన గుర్తు కొత్తగా ఉంటుంది. కొందరికి ఛాతీ మధ్య ఒత్తిడి, కొందరికి ముక్కు కారడం, కొందరికి వెక్కిళ్లు. ఆ గుర్తు వచ్చాక తిన్న ఒక్క ముద్దే వాంతికి దారితీస్తుంది.

మాత్రలు: ఇది జీవితాంతం

బాగానే ఉన్నాను కదా అని రెండో ఏడాది విటమిన్లు మానేసేవాళ్లు చాలామంది. లోపం లోపల్లోపలే పెరుగుతుంది, నరాలు దెబ్బతిన్నాక తెలుస్తుంది. స్లీవ్, బైపాస్ అయినవారికి సాధారణంగా చెప్పేవి ఇవి: మల్టీవిటమిన్ రోజూ, బీ12 నోటి ద్వారా రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాములు లేదా నెలకో ఇంజెక్షన్, కాల్షియం ఆహారంతో కలిపి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, విటమిన్ డి రోజుకు 3000 యూనిట్ల దగ్గర మొదలుపెట్టి రక్త పరీక్షను బట్టి, ఐరన్ ముఖ్యంగా నెలసరి వచ్చే స్త్రీలకు 45 నుంచి 60 మిల్లీగ్రాములు. కాల్షియం ఒక్కసారే మింగితే ఒంటికి పట్టదు, 500–600 చొప్పున విడగొట్టాలి. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య కనీసం రెండు గంటలు. కాల్షియం కార్బొనేట్ కన్నా సిట్రేట్ మేలు, దానికి కడుపులో ఆమ్లం అంతగా అక్కర్లేదు.

రక్త పరీక్షలు మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏటా. షుగర్, బీపీ మందుల మోతాదు మొదటి వారం నుంచే తగ్గించాల్సి రావచ్చు. పాత మోతాదులోనే ఇన్సులిన్ తీసుకుంటే షుగర్ పడిపోతుంది. నెమ్మదిగా కరిగే రకం మాత్రలు బైపాస్ తర్వాత సరిగ్గా పనిచేయకపోవచ్చు. థైరాయిడ్, మూర్ఛ, లిథియం, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ఆ డాక్టర్లకు కూడా ఆపరేషన్ సంగతి చెప్పాలి. నొప్పికి పారాసిటమాల్ వాడండి. పళ్ల డాక్టరు రాసిన చీటీలో ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఉంటే మార్పించుకోండి.

మొదటి ఏడాదిలో ఎదురయ్యేవి

కూర్చుని చేసే పనికి రెండు నుంచి నాలుగు వారాల్లో వెళ్లవచ్చు. బరువులు ఎత్తడం నాలుగైదు వారాలు వద్దు. మూడో వారం చుట్టుపక్కల బరువు ఉన్నట్టుండి ఆగిపోతుంది, కొన్ని రోజులకు మళ్లీ కదులుతుంది. రోజూ కాటా ఎక్కితే పిచ్చెక్కుతుంది, వారానికోసారి చాలు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. కుదుళ్లు పాడు కావు కాబట్టి తిరిగి వస్తుంది, ప్రొటీన్, ఐరన్ సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి. వాటిని తగ్గించడానికి చాలామంది సర్జన్లు ఆరు నెలలు ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్ ఇస్తారు.

స్త్రీలు గమనించాలి. బరువు తగ్గుతుంటే అండం విడుదల మెరుగవుతుంది, పిల్లలు పుట్టరనుకున్నవారికి అనుకోకుండా గర్భం వస్తుంది. 12 నుంచి 18 నెలలు గర్భం వద్దు. బైపాస్ తర్వాత నోటి ద్వారా వేసుకునే గర్భనిరోధక మాత్రల మీద పూర్తిగా ఆధారపడలేం, వేరే పద్ధతి అడగండి.

మద్యం చాలా త్వరగా తలకెక్కుతుంది. బైపాస్ అయినవారిలో రెండో ఏడాది నుంచి మద్యం వ్యసనం పెరగడం అధ్యయనాల్లో కనిపించింది. తిండితో తీరే బాధ ఇంకోదారి వెతుక్కుంటుంది. మనసు బరువుగా ఉంటే, బతకాలనిపించకపోతే, "బరువు తగ్గాను కదా, ఇంకేం బాధ" అని దాచుకోకండి, వెంటనే సహాయం తీసుకోండి. ఈ ఆపరేషన్ తర్వాత అలాంటి ఆలోచనలు వచ్చే ప్రమాదం కొందరిలో ఉందని డాక్టర్లకు తెలుసు, మీరు చెబితే వింతగా చూడరు.

తర్వాతి క్లెయిమ్‌ల కోసం

రెండేళ్ల తర్వాత కొంత బరువు తిరిగి రావడం చాలామందికి జరిగేదే. నాలుగైదు కిలోలకు భయపడనక్కర్లేదు. పెరుగుతూనే ఉంటే తొందరగా ఆసుపత్రికి వెళ్లండి, తిండి, మందులు, పొట్ట ఆకారం మూడూ చూస్తారు. రెండోసారి ఆపరేషన్‌కు కవరేజీ విడిగా ఉంటుంది. చాలా పాలసీలు కాంప్లికేషన్ వల్ల చేసేదానికి ఒప్పుకుంటాయి, బరువు చాలినంత తగ్గలేదన్న కారణానికి ఒప్పుకోవు. జీవితంలో ఒక్కసారే అన్న షరతు ఉందేమో కూడా చూడండి.

వేలాడే చర్మం సంగతి ఇంకా చిక్కు. దాన్ని తీయించే ఆపరేషన్ బరువు నిలకడగా ఉన్నాకే, అంటే ఏడాది ఏడాదిన్నర తర్వాత చేస్తారు. కంపెనీలు దాన్ని అందం కోసం చేసేదిగా చూస్తాయి. మడతల్లో పదేపదే దద్దుర్లు, పుండ్లు వచ్చి మందులతో తగ్గకపోతే అది వైద్య అవసరం అవుతుంది, కానీ రుజువు మళ్లీ కాగితాల్లోనే ఉండాలి. కాబట్టి దద్దురు వచ్చిన ప్రతిసారీ ఇంట్లో పౌడరు రాసుకుని ఊరుకోకుండా చర్మ డాక్టరుకు చూపించండి, తేదీతో ఫొటో తీయించండి, రాసిన మందు పేరు, ఎన్ని వారాలు వాడారో నోట్‌లో రాయించండి, ఆ కాగితాలు కూడా పాత ఫైలులోనే పెట్టండి.